ఒకే లైను, రెండు రిపోర్టులు

ఆఫీసులో ఏటా చేయించే హెల్త్ చెకప్ రిపోర్టు జనవరి మొదట్లో వాట్సాప్‌కి వచ్చింది. పదకొండు పేజీల పీడీఎఫ్. అందరూ చేసేదే నేనూ చేశా. చదవలేదు, బోల్డ్ అక్షరాల కోసం స్క్రోల్ చేశా. విటమిన్ డి తక్కువ. ఏసీలో కూర్చుని కోడ్ రాసేవాళ్లలో అది తక్కువ లేనోళ్లు ఎవరు? కొలెస్ట్రాల్ అంచు మీద ఉంది. తొమ్మిదో పేజీలో యూరిన్ కింద ఇంకో రెండు లైన్లు బోల్డ్‌లో కనిపించాయి. "బ్లడ్: 1+". దాని కింద "ఆర్బీసీ: 8–10/హెచ్‌పీఎఫ్".

మూత్రంలో రక్తం. నాకా? ఆ పొద్దున డబ్బాలో పట్టింది నేనే కదా, చూశాను కూడా. లేత పసుపు. ఎరుపు అన్న మాటే లేదు.

రాత్రి పదకొండున్నరకి ఆ రెండు లైన్లూ కాపీ చేసి సెర్చ్‌లో పడేశా. మూడో లింకుకి కిడ్నీ ఫెయిల్యూర్, ఐదో లింకుకి బ్లాడర్ క్యాన్సర్. ఏఐని అడిగితే అది మర్యాదగా ఇరవై కారణాల లిస్టు ఇచ్చి, చివర్లో డాక్టర్‌ని కలవమంది. ఆ ఇరవైలో నాది ఏదో మాత్రం చెప్పలేదు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. సిగరెట్ లేదు. బీపీ ఎప్పుడూ చూపించుకోలేదు, అంటే నాకు లేదనే నా నమ్మకం. రెండింటిదాకా నిద్ర పట్టలేదు.

ఎట్లాగూ సంక్రాంతికి ఊరికి పోతున్నా. మాది ముద్దనూరు. కడప నుంచి తాడిపత్రి పోయే దారిలో, ఆర్టీపీపీ పొగగొట్టాలు దాటినాక వస్తుంది. గండికోట చూడ్డానికి రైల్లో వచ్చేవాళ్లు చాలామంది దిగేది మా స్టేషన్‌లోనే. దిగి, సెల్ఫీ తీసుకుని, ఆటో ఎక్కి వెళ్లిపోతారు. మా ఊళ్లో ఎవరికైనా ఒళ్లు బాగలేకపోతే ముందు వీధిలో ఆర్‌ఎంపీ, తర్వాత ప్రొద్దుటూరు, అక్కడా తేలకపోతే తిరుపతి, లేదా వేలూరు. నేను నేరుగా ప్రొద్దుటూరు పోయా. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో అందరినీ చూసే డాక్టరమ్మ ఉంది అక్కడ.

ఆమె రిపోర్టు చూసి మొదట అడిగింది జబ్బు గురించి కాదు.

"శాంపిల్ ఏ రోజు ఇచ్చినావు?"

"సోమవారం పొద్దున మేడం."

"ఆదివారం ఏం చేసినావు?"

"హాఫ్ మారథాన్. ఇరవై ఒక్క కిలోమీటర్లు." ఆ మాట చెప్పేటప్పుడు కొంచెం గర్వంగానే చెప్పినట్టున్నా.

ఆమె పెన్ను కింద పెట్టింది. "మరి ఆ సంగతి దీంట్లో యాడా రాయలేదే!"

ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఎక్కువ దూరం పరిగెత్తిన తర్వాత మూత్రంలో ఎర్ర కణాలు రావడం డాక్టర్లకు బాగా తెలిసిన విషయమే. ఒకటి రెండు రోజుల్లో, మహా అయితే మూడు రోజుల్లో తగ్గిపోతుంది. అట్లాగే యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా, సెక్స్ తర్వాతైనా, ఆడవాళ్లకు నెలసరి రోజుల్లోనైనా కనిపించొచ్చు. మా టీమ్‌లో ఒకమ్మాయికి అదే చెకప్‌లో 15–20 వచ్చింది. కౌంటర్ దగ్గర డబ్బా చేతికిచ్చినవాళ్లు "డేట్ ఎప్పుడు?" అని ఒక్క మాట అడిగుంటే ఆమె నాలుగు రోజులు ఏడ్చేది కాదు.

కంప్యూటర్ భాషలో చెప్పాలంటే నాది ఫ్లేకీ టెస్ట్. పరిస్థితులు శుభ్రం చేసుకుని మళ్లీ రన్ చేయాలి. వారం రోజులు పరుగు, జిమ్ బంద్. పండగ అయినాక మళ్లీ శాంపిల్.

ఈలోగా ఆ రెండు లైన్లకీ తేడా ఏంటో ఆమె దగ్గర కూర్చుని తెలుసుకున్నా. నేను రెండూ ఒకటే అనుకున్నా, కాదు.

మొదటిది స్ట్రిప్. రంగురంగుల గళ్లున్న ప్లాస్టిక్ పుల్లని మూత్రంలో ముంచి తీస్తారు. "బ్లడ్" అనే గడి నిజానికి రక్తకణాన్ని చూడదు. హిమోగ్లోబిన్‌లో ఉండే హీమ్ అనే ముక్క ఆ గడిలో ఉన్న రసాయనంతో కలిసి రంగు మారుస్తుంది. కండరాలు బాగా దెబ్బతిన్నప్పుడు వచ్చే మయోగ్లోబిన్‌లోనూ హీమ్ ఉంటుంది, అప్పుడు కణం ఒక్కటి లేకపోయినా గడి పచ్చగా మారుతుంది. దీనికి ఉల్టా కూడా ఉంది. విటమిన్ సి మాత్రలు దండిగా మింగేవాళ్లకు రక్తం ఉన్నా రంగు మారకపోవచ్చు. ఇమ్యూనిటీ కోసం రోజూ వెయ్యి మిల్లీగ్రాములు నీళ్లలో వేసుకుని తాగే ఫ్రెండ్స్ నాకు ముగ్గురున్నారు.

రెండోది మైక్రోస్కోపు. మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగిందాన్ని గాజు పలక మీద వేసి, నాలుగు వందల రెట్లు పెద్దది చేసి చూస్తారు. ఒకసారికి కంటికి కనిపించే గుండ్రటి మేరే హై పవర్ ఫీల్డ్, రిపోర్టులో హెచ్‌పీఎఫ్. అందులో ఎన్ని ఎర్ర కణాలున్నాయో మనిషో మెషీనో లెక్కపెడుతుంది. అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ వాళ్ల గైడ్‌లైన్ ప్రకారం 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటేనే దాన్ని మైక్రోస్కోపిక్ హెమటూరియా అనాలి. స్ట్రిప్ ఒక్కటే చూసి ఆ పేరు పెట్టకూడదు, మైక్రోస్కోపుతో ఖాయం చేసుకోవాలి. ఇది మనలాంటి వాళ్లం గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే చాలా ప్యాకేజీల్లో స్ట్రిప్ మాత్రమే ఉంటుంది.

శాంపిల్ పట్టడంలో కూడా పద్ధతుంది. మొదట వచ్చేది వదిలేసి మధ్యలోది పట్టాలి. పట్టినాక గంట, రెండు గంటల్లోపల చూడాలి. ఆలస్యమయ్యేకొద్దీ కణాలు పగిలిపోతాయి. మా ఊళ్లో కలెక్షన్ సెంటర్‌లో ఇస్తే ఆ డబ్బా బైకు డిక్కీలో ఎండలో ప్రయాణం చేయాలి. అందుకే ఆమె "ల్యాబ్ ఉన్న చోటికే పోయి ఇయ్యి" అంది. ఈసారి ప్రొద్దుటూరులో ల్యాబ్ బాత్రూంలోనే పట్టి, వేడివేడిగా కౌంటర్ మీద పెట్టి వచ్చా. తీసుకున్నమ్మాయి మొహంలో ఏ భావమూ లేదు. ఆ ఉద్యోగం నేను చేయలేను.

*

ఇంట్లో దాచాలనే అనుకున్నా. అమ్మకి డాక్టరమ్మ క్లినిక్‌లో పనిచేసే ఆయమ్మ ద్వారా అదే రోజు సాయంత్రానికి తెలిసిపోయింది. ముద్దనూరులో డేటా ప్రైవసీ ఇంతే.

మర్నాటికి వీధంతా ట్రీట్‌మెంట్ మొదలైంది. పక్కింటి అవ్వ కొండపిండాకు తెచ్చి "పప్పులో వేసి పెట్టు, రాయి కరిగిపోతాది" అంది. నాకు రాయి ఉందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, మా సీమలో మూత్రం అనగానే రాయే. ఎండలు నలభై దాటే ఊళ్లు, చెమటకి పోయినన్ని నీళ్లు ఎవరూ తాగరు, అందుకే ఆ అనుమానం పూర్తిగా తప్పు కూడా కాదు. ఇంకొకాయన అరటి బోద రసం. మామ కొడుకు అయితే బీరు. "రెండు బీర్లు కొట్టు మామా, ఫ్లష్ అయిపోతాది" అని. బీరు వల్ల ఒంట్లోంచి నీళ్లు ఎక్కువ బయటికి పోతాయి, అంతే. రాయి వాళ్లకి డాక్టర్లు చెప్పేది నీళ్లు, రోజుకి కనీసం రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటట్టు. ఎండాకాలం మా ఊళ్లో అంటే తాగాల్సింది అంతకంటే చాలా ఎక్కువ.

ఫ్యామిలీ గ్రూపులో బాబాయి మరో పాయింట్ లేవదీశాడు. "ఇది నీళ్ల వల్లరా. తుమ్మలపల్లె యురేనియం." పులివెందుల వైపు వేముల మండలంలో యురేనియం గని, మిల్లు ఉన్నాయి. వాటి వ్యర్థాల చెరువు వల్ల తమ బోర్ల నీళ్లు పాడయ్యాయని కె.కె. కొట్టాల లాంటి ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి చెప్తున్నారు. యురేనియం కిడ్నీకి మంచిది కాదన్నది నిజమే. కానీ అది దెబ్బతీసేది ముఖ్యంగా కిడ్నీలోని సన్నని గొట్టాలని, అప్పుడు ముందు బయటపడేది ఎర్ర కణాలకంటే చిన్నరకం ప్రోటీన్లు. ఆ నీళ్లు పరీక్ష చేయాలి, ఆ ఊళ్లవాళ్లకు జవాబు రావాలి. అది వేరే కేసు. నా 8–10ని తీసుకుపోయి ఆ కేసులో సాక్ష్యంగా పెడితే వాళ్లకీ మేలు లేదు, నాకూ లేదు.

ఈ మాట మీద ఆలోచిస్తుంటే ఉద్దానం గుర్తొచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో పలాస, సోంపేట, కవిటి వైపు కొబ్బరి తోటల ఊళ్లు. అక్కడ ఏళ్లుగా కిడ్నీలు పాడవుతున్నాయి, అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఆ జబ్బులో మెలిక ఏంటంటే, మూత్రంలో రక్తం సాధారణంగా కనిపించదు, ప్రోటీన్ కూడా పెద్దగా ఉండదు. స్ట్రిప్ ముంచితే అంతా బాగున్నట్టే చూపిస్తుంది. క్రియాటినిన్ రక్తపరీక్ష చేస్తేనే బయటపడుతుంది. అంటే స్ట్రిప్‌లో రక్తం ఉన్నంత మాత్రాన కిడ్నీ పోయినట్టు కాదు, స్ట్రిప్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన కిడ్నీ బాగున్నట్టూ కాదు.

*

రెండో రిపోర్టు: ఆర్బీసీ 3–4.

ఛీ. సున్నా వచ్చుంటే కథ అయిపోయేది. గీత 3 దగ్గరుంటే, నాది సరిగ్గా గీత మీద కూర్చుంది.

"ఇదే నీ మొదటి రిపోర్టు అనుకో. పాతది పరుగు ఖాతాలో వేద్దాం," అంది డాక్టరమ్మ. అప్పుడు అసలు పని మొదలుపెట్టింది. నాకు బాగా నచ్చిన భాగం ఇదే, ఎందుకంటే ఆమె చేసింది అచ్చంగా డీబగ్గింగ్. లీకు ఎక్కడ? పైనా, కిందనా?

పైన అంటే కిడ్నీలోని జల్లెడ. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల జల్లెడలుంటాయి, రెండూ కలిసి రోజుకి 180 లీటర్ల దాకా వడకట్టి, దాదాపు అంతా మళ్లీ ఒంట్లోకి తీసుకుంటాయి. మామూలుగా ఎర్ర కణం ఆ జల్లెడ దాటదు. జల్లెడ దెబ్బతింటే ఇరుకు సందులోంచి నలిగి దూరి వస్తుంది, వచ్చేసరికి ఆకారం చెడిపోయి ఉంటుంది. కొన్నిటికి మిక్కీ మౌస్ చెవుల్లా బుడిపెలు వస్తాయి. కొన్ని కణాలు గొట్టంలో అచ్చు పోసినట్టు కడ్డీలా అతుక్కుని వస్తాయి, వాటిని క్యాస్ట్ అంటారు. కిందనుంచి, అంటే గొట్టాల్లోంచో బ్లాడర్‌లోంచో వచ్చిన కణమైతే గుండ్రంగా, ఉన్నదున్నట్టు ఉంటుంది. అందుకే మైక్రోస్కోపులో ఎన్ని ఉన్నాయన్నదే కాదు, ఎట్లా ఉన్నాయన్నదీ చూడమని ఆమె ల్యాబ్‌కి చీటీ రాసింది. మనం కౌంటర్ దగ్గర "యూరిన్ టెస్ట్" అంటే అది చేయరు, అడగాలి.

జల్లెడ జబ్బుల్లో మన వయసువాళ్లు పేరు గుర్తు పెట్టుకోవాల్సింది ఐజీఏ నెఫ్రోపతి. 1968లో పారిస్‌లో జీన్ బెర్జే అనే డాక్టరు దీన్ని మొదట వివరించారు. ఇరవైల్లో, ముప్పైల్లో బయటపడుతుంది. కొందరికి గొంతునొప్పి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో మూత్రం కోలా రంగులో వస్తుంది, కొందరికి ఏ గుర్తూ ఉండదు, మైక్రోస్కోపులో ఈ లైను తప్ప. అందుకే ఆమె మూడు సంగతులు చూసింది: బీపీ, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందన్నది. రక్తంతో పాటు ఈ మూడిట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా నెఫ్రాలజిస్ట్ దగ్గరికి పోవాల్సిందే, ఆగకూడదు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో కిడ్నీ జబ్బు గానీ చెవుడు గానీ ఉందా అని కూడా అడిగింది. చెవికీ మూత్రానికీ ఏం సంబంధం అనుకున్నా. ఆల్‌పోర్ట్ అని ఒక వంశపారంపర్య జబ్బు ఉంది, అందులో రెండూ కలిసి వస్తాయట.

నా బీపీ 118/76. క్రియాటినిన్ 0.9. ప్రోటీన్ లేదు. కణాలు గుండ్రంగా ఉన్నాయి. కల్చర్‌లో ఇన్ఫెక్షన్ లేదు. కడుపు స్కానింగ్‌లో ఎడమ కిడ్నీలో 3 మిల్లీమీటర్ల రాయి "లాంటిది" అని రాశారు. అవ్వ గెలిచింది, సగం. అంత చిన్నది స్కానింగ్‌లో నీడ కూడా అయ్యుండొచ్చని, నీళ్లు తాగమని చెప్పి డాక్టరమ్మ దాన్ని పక్కన పెట్టింది.

"మరి బ్లాడర్‌లోకి కెమెరా పంపేది చేయరా?" అని నేనే అడిగా, భయం భయంగా. ఇంటర్నెట్‌లో చదివింది అదే కదా.

"నీకు ఇప్పుడు అవసరం లేదు. నలభై లోపు, సిగరెట్ లేదు, పది లోపే కణాలు, ఎప్పుడూ ఎర్రగా రాలేదు. తక్కువ రిస్కు. ఆర్నెల్ల లోపల మళ్లీ యూరిన్ చూపించు. అప్పుడూ ఉంటే నిన్నూ పై మెట్టుకి పంపిస్తా."

ఇది ఆమె సొంత లెక్క కాదు. ఇందాక చెప్పిన గైడ్‌లైన్ 2020లో మనుషుల్ని తక్కువ, మధ్య, ఎక్కువ రిస్కుగా విడదీసింది, 2025లో దాన్ని కొంచెం సవరించారు. వయసు, పొగ, కణాల సంఖ్య, ఎప్పుడైనా కంటికి కనిపించేటట్టు రక్తం పడిందా, ముఖ్యంగా ఇవీ చూసేది. మధ్య రిస్కుకి సిస్టోస్కోపీ, కిడ్నీ అల్ట్రాసౌండ్. ఎక్కువ రిస్కుకి సిస్టోస్కోపీతో పాటు సీటీ యూరోగ్రఫీ. అందరికీ అన్నీ చేసేస్తే పోలా అంటే, సీటీలో రేడియేషన్ ఉంది, ఎక్కించే మందుంది, ఖర్చుంది, అవసరంలేని భయముంది.

*

ఆ రాత్రి అరుగు మీద కూర్చుని ఇదంతా నాయనకి చెప్తున్నా, కథలాగా. నాయన నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర మేస్త్రీ. అరవై దాటింది. మూడేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు, అప్పట్నుంచి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటాడు. బీడీ మాత్రం మానలేదు. రోజుకి కట్ట కాస్తా అరకట్ట అయింది, దాన్నే మానడం అంటాడు.

"ఎర్రగా పడితే ఏమంటార్రా దాన్ని?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఎవరికి?"

"ఊరికే అడుగుతాండా."

"నాయనా."

బీడీ ఆర్పేశాడు. "పోయిన దసరాకి ఒకతూరి పడింది. టీ డికాషన్ మాదిరి. నొప్పి గిప్పి ఏం ల్యా. మర్నాటికి మామూలే. మన ఆర్‌ఎంపీని అడిగితే, పలచబడే మాత్ర వల్ల అట్ల వస్తాదిలే, భయం ల్యా అన్న్యాడు."

"అమ్మకి చెప్పినావా?"

"పోయింది గదా, ఇంగ చెప్పేదేముంది."

నాకు చేతులు చల్లబడ్డాయి. ఎందుకంటే అంతకు నాలుగ్గంటల ముందే ఆ పట్టిక చూసి వచ్చా. మగాడు, అరవై దాటాడు. ముప్పై ఐదేళ్లుగా బీడీ. కంటికి కనిపించిన రక్తం, నొప్పి లేకుండా, ఒకసారి వచ్చి ఆగిపోయింది. రిస్కు పెంచేవన్నీ ఒకే మనిషిలో ఉన్నాయి, ఆ మనిషి నా పక్కన చాప మీద కూర్చున్నాడు. నొప్పి లేకపోవడం మంచి గుర్తు అని మనం అనుకుంటాం. బ్లాడర్ క్యాన్సర్ ఎక్కువగా బయటపడేదే నొప్పి లేని రక్తంతో. వచ్చి ఆగిపోవడం కూడా దాని అలవాటే. పొగ తాగేవాళ్లకు అది వచ్చే అవకాశం తాగనివాళ్లకంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ. పొగలోని రసాయనాల్ని కిడ్నీలు వడకట్టి బ్లాడర్‌లో పోస్తాయి, అవి అక్కడ గంటల తరబడి నిలవ ఉంటాయి. బ్లాడర్‌కి, రసాయనాలకి ఉన్న ఈ లింకు కొత్తది కూడా కాదు. 1895లో లుడ్విగ్ రేన్ అనే జర్మన్ సర్జన్ రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో బ్లాడర్ గడ్డల్ని చూసి చెప్పాడు.

మరి మాత్ర సంగతి? పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకు రక్తం కనిపిస్తే దాన్ని మాత్ర మీదికి తోసేయకూడదని, మాత్ర వేసుకోనివాళ్లకు చేసినట్టే అన్ని పరీక్షలూ చేయాలని గైడ్‌లైన్ ప్రత్యేకంగా రాసింది. లోపల కారే చోటు ఏదో ఉంటే దాన్ని మాత్ర ముందుగా బయటపెట్టొచ్చు కూడా. ఆర్‌ఎంపీని నేను తిట్టను. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే. కానీ ఆ ఒక్క మాట మూడు నెలలు తినేసింది.

తెల్లారి నాయనని బండి మీద ఎక్కించుకుని అదే ల్యాబ్‌కి పోయా. సాయంత్రం రిపోర్టు వచ్చింది. ఆర్బీసీ: 4–5/హెచ్‌పీఎఫ్.

నాది 3–4. నాయనది 4–5. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఏముంది? లాగ్‌లో ఒకే వార్నింగ్ రెండు సర్వర్లలో వచ్చినట్టు. ఒకటి టెస్టింగ్‌ది, ఇంకోటి ముప్పై ఐదేళ్లుగా ఆపకుండా నడుస్తున్న ప్రొడక్షన్ సర్వర్. నాకు ఆర్నెల్లు ఆగమన్న డాక్టరమ్మ, నాయన రిపోర్టు చూసి ఆ నిమిషమే తిరుపతికి చీటీ రాసిచ్చింది. ఒకవేళ నాయన రిపోర్టులో సున్నా వచ్చినా పంపించేదాన్నే అంది. కంటికి ఒకసారి కనిపించాక మైక్రోస్కోపు ఏం చెప్పినా లెక్క మారదు.

నాయనని ఒప్పించడానికి పది రోజులు పట్టింది. క్యాన్సర్ అన్న మాట ఇంట్లో ఎవరూ పలకలేదు. "కెమెరా" అన్న మాటకే ఆయన బిగుసుకుపోయాడు. యాడ పెడతారని అడిగాడు, చెప్పా, లేచి వెళ్లిపోయాడు. చివరికి అమ్మ ఏం చెప్పిందో తెలీదు, ఒకరోజు పొద్దున తెల్లపంచె కట్టుకుని సంచి పట్టుకుని నిలబడ్డాడు. రైల్లో రేణిగుంట దాకా ఆయన మాట్లాడింది రెండు వాక్యాలు. రెండూ రైలు లేటు గురించే.

సిస్టోస్కోపు అనే పరికరాన్ని మొదట చూపించినవాడు మాక్సిమిలియన్ నీట్సె, 1877లో, జర్మనీలో. లోపల వెలుగు కోసం ప్లాటినం తీగని ఎర్రగా కాల్చి, చుట్టూ నీళ్లు తిప్పి చల్లబరిచేవాళ్లట. ఇది నాయనకి చెప్పలేదు. ఇప్పటిది సన్నగా వంగే గొట్టం, మత్తు జెల్లీ పెడతారు, కొన్ని నిమిషాల పని. బయటికి వచ్చి నాయన అన్నది, "ఇంతేనా? దీనికా పది దినాలు." మంట ఒకటి రెండు రోజులు ఉంది, ఎక్కువ నీళ్లు తాగమన్నారు.

స్క్రీన్ మీద నేను కూడా చూశా. లేత గులాబీ గోడ, సన్నని రక్తనాళాలు, ఒక మూల సముద్రంలో నాచు మాదిరి చిన్న కుచ్చు. నీళ్లలో మెల్లగా ఊగుతోంది. డాక్టరు వేలు పెట్టి చూపించాడు. సెంటీమీటర్ కూడా లేదు.

ఫిబ్రవరిలో దాన్ని ఆ దారినే లోపలికి పోయి గీకి తీసేశారు. కోత లేదు. గుండె డాక్టర్‌ని అడిగి పలచబడే మాత్ర ఏం చేయాలో ముందే మాట్లాడుకున్నారు, సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పారు. బయాప్సీ రావడానికి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల గురించి రాయను. వచ్చింది: క్యాన్సరే, తక్కువ గ్రేడు, పై పొరలోనే ఉంది, గోడలోకి దిగలేదు. మళ్లీ వచ్చే గుణం ఉన్న రకం, అందుకని మూడు నెలలకి ఒకసారి కెమెరా, ఆ తర్వాత ఎంతకాలానికి ఒకసారి అనేది చూసి చెప్తారు. బిల్లు నా కంపెనీ ఇన్సూరెన్స్‌లో పోయింది. జాయినయ్యేటప్పుడు అమ్మానాయనల పేర్లు పెట్టడానికి నెలకింత కట్ అవుతుందని నేను సణిగిన సంగతి మా హెచ్ఆర్‌కి గుర్తుండే ఉంటుంది.

ఇది రాస్తూ ఒకటి గమనించా. మొత్తం కథలో ఎవరికీ ఒళ్లు నొప్పి లేదు. నాకు లేదు, నాయనకి లేదు. ఆ పీడీఎఫ్ తొమ్మిదో పేజీ నేను స్క్రోల్ చేసి వదిలేసుంటే అరుగు మీద ఆ మాట వచ్చేదే కాదు. నాయన నాకు చెప్పింది నేను అడిగినందుకు కాదు, నాది నేను చెప్పినందుకు. ఊళ్లలో మగాళ్లు మూత్రం గురించి మాట్లాడరు, మాట్లాడితే జోకులే. ఆడవాళ్ల సంగతి ఇంకోరకం. వాళ్లు చెప్పినా "ఇన్ఫెక్షన్‌లే" అని కల్చర్ కూడా చేయకుండా యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు ఇస్తారు. మా పెద్దమ్మకి ఏడాదిలో నాలుగు కోర్సులు ఇచ్చారు. ఇప్పుడు ఆమెనీ ప్రొద్దుటూరు తీసుకుపోతున్నా, ఈ ఆదివారం.

మే నెలలో నాయన మొదటి చెకప్ అయింది. బయట నలభై మూడు డిగ్రీలు. లోపల గోడ శుభ్రంగా ఉందన్నారు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. జేబు తడుముకోవడం చూశా. బీడీ కట్ట కోసం అనుకున్నా. వక్కపొడి ప్యాకెట్ తీశాడు. అది కూడా మంచిది కాదని చెప్పే ధైర్యం ఆ రోజు నాకు లేదు.

ఎర్రగుంట్ల దాటినాక నావైపు తిరిగాడు.

"నీది ఆర్నెల్లది ఎప్పుడు?"

"వచ్చే నెల నాయనా."

"పరుగుకి పోవద్దు దానికి ముందు," అన్నాడు. కాసేపు ఆగి, "నేనూ వస్తా తోడు," అన్నాడు.